సీటు జాగ్రత్త

"జాగ్రత్త," అన్నాడు మా ఆయన, కారు తలుపు తీసి పట్టుకుని.

నాతోనే అంటున్నాడనుకున్నాను. పెళ్లయిన ఈ పద్దెనిమిదేళ్లలో నా కోసం తలుపు తీసి పట్టుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి, లోపలెక్కడో కాస్త మెత్తబడ్డాను కూడా. ఎక్కబోతుంటే అప్పుడన్నాడు మిగతా మాట. "కవరు పక్కకి జరిగింది చూడు. సీటు జాగ్రత్త."

సీటు మీద పరిచిన ప్లాస్టిక్ కవరు సరిచేసుకుని కూర్చున్నాను. అది సరసరమంది. వీధి మలుపు ఇంకా రాలేదు, నాకు కడుపులో తిప్పింది. ఆసుపత్రి అక్కడికి అరగంట దూరం. సూది లేదు, మందు లేదు, సిస్టర్ మొహమైనా చూడలేదు. ఒళ్లో ఉన్న బేసిన్లో వాంతి చేసుకున్నాను. పొద్దుటి నుంచి టీ చుక్క కూడా తాగలేదు కనుక పసరు తప్ప ఏమీ రాలేదు.

"ఇంకా అక్కడికి చేరనే లేదు కదా," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మందు ఎక్కాక వచ్చిందంటే అర్థముంది. అప్పుడే ఏంటిది?"

నా ప్రశ్న కూడా అదే. అందుకే అంత సిగ్గేసింది. ఏదో దొంగతనం చేసి దొరికిపోయినదానిలా నోరు తుడుచుకుని, "సారీ అండీ," అన్నాను. ఎదురుగా ఆయన్ని మీరు అనే పిలుస్తాను. ఇలా చెప్పుకునేటప్పుడు మాత్రం 'అన్నాడు' అనే వస్తోంది. రానివ్వండి.

అది నాలుగో విడత. రొమ్ములో గడ్డ తీసేశాక మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు డాక్టరుగారు. మొదటి విడత రోజు వాంతి తిరుగు ప్రయాణంలో వచ్చింది. కారు కొని అప్పటికి ఆరు నెలలు. మీగడ రంగు సీట్లు. ఏమీ అనలేదాయన, అది ఒప్పుకోవాలి. నన్ను ఇంట్లో పడుకోబెట్టి, కెటిల్లో నీళ్లు మరగబెట్టి, సలసల కాగే నీళ్లు సీటు మీద పోసి, గంటసేపు తోమాడు. మరక పోలేదు. మీగడ రంగు మీద అరచేయంత గోధుమ మచ్చ ఉండిపోయింది. తరవాత ఫోను చేసిన వాళ్లందరికీ చెప్పాడు, "నేనే కడిగాను, తనని కదలనివ్వలేదు," అని. వాళ్లందరూ నాతో అన్నారు, నీ అదృష్టం అని.

నేను చేసే పనేంటో ఇక్కడ చెప్పాలి. డ్రైక్లీనింగ్ షాపులో మరకల బల్ల నాది. పన్నెండేళ్లుగా ఆ బల్ల దగ్గరే నిలబడుతున్నాను. వచ్చిన ప్రతి బట్టనీ దీపం కింద పెట్టి, మచ్చ ఉన్నచోట సుద్దతో గీసి, అది సిరానా, నూనెనా, టీనా, రక్తమా కనిపెట్టి, దేనికి ఏది రాయాలో చూసేది నేను. రక్తం, గుడ్డు, పాలు, వాంతి, వీటన్నిటికీ చన్నీళ్లే. వేడినీళ్లు పోశారా, మరక ఉడికి గుడ్డని పట్టుకుంటుంది. ఇక దేవుడు దిగొచ్చినా పోదు. ఆ సాయంత్రం మంచం మీద పడుకుని వంటింట్లో కెటిల్ ఈల వింటూనే ఉన్నాను. ఒక్క కేక వేస్తే సరిపోయేది. 'నీకెందుకు, పడుకో' అంటాడని వెయ్యలేదు. ఆయనకి నన్నడగాలని తోచలేదు. ఊళ్లో సగం మంది బట్టల మరకలు తీసే మనిషి ఆ పక్క గదిలోనే ఉందని తోచలేదు.

రెండో విడతకి ముందు అడిగాడు. మరక గురించి కాదు. "మీ షాపులో బట్టలకి తొడిగే కవర్లుంటాయిగా, పొడుగ్గా, పల్చగా. ఊరికే పడుంటాయి. ఓ నాలుగు పట్రా." తెచ్చాను. అప్పట్నుంచీ విడతకి ముందురోజు సాయంత్రమే సీటు మీద కవరు పరిచి, అంచులు లోపలికి దోపి, ఒకటికి రెండుసార్లు నిమిరి చూసుకుంటాడు. రెండో విడతకి మందు ఎక్కించుకుని తిరిగొస్తుంటే ఆసుపత్రి గేటు దగ్గరే వాంతి వచ్చింది. మూడో విడతకి వెళ్లేటప్పుడే, పెద్ద సిగ్నల్ దగ్గర. నాలుగోసారి, చెప్పానుగా, వీధి మలుపైనా తిరగకుండా. బస్సు స్టాపు స్టాపుకీ ఆగుతూ వచ్చినట్టు అది మా ఇంటి వైపే వస్తోంది.

ఆసుపత్రిలో ప్రతిసారీ ఒక కాగితం నింపుతారు. నీరసం ఉందా, నోరు పూసిందా, వాంతులున్నాయా. ఒక్కో ప్రశ్నకీ మూడు గళ్లు: లేవు, కొద్దిగా, ఎక్కువ. సిస్టర్ నన్నే చూస్తూ అడుగుతుంది. మా ఆయన పక్క కుర్చీలోంచి చెప్తాడు. "కొద్దిగానండీ. మామూలేగా." ఆవిడ మళ్లీ నా వైపు చూస్తుంది. నేను తలూపుతాను. కొద్దిగా గడిలో టిక్కు పడుతుంది. వాంతి ఎంతొచ్చిందో చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. ఎప్పుడొచ్చిందో చెప్పడానికే ప్రాణం పోయేది. సూది గుచ్చక ముందు వచ్చిందని ఏ నోటితో చెప్పను?

ఇంట్లో అత్తయ్య మాట అత్తయ్యది. "సూది పడకముందే వాంతేంటమ్మాయ్? నేను ముగ్గుర్ని కన్నాను. వాంతొస్తే నోరు కడుక్కుని మళ్లీ పొయ్యి దగ్గరికే వెళ్లాను. ఎవరు పట్టుకున్నారు నాకు గిన్నె?" ఆవిడ చెడ్డమనిషి కాదు. బేసిన్ కడిగి ఎండలో బోర్లించేది ఆవిడే. కడుగుతూ అంటుంది, అంతే. నేనూ ఊరికే కూర్చునేదాన్ని కాదు. విడతకి ముందురోజు మూడు రోజులకి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, ఏది ఎప్పుడు తినాలో మూతల మీద కాగితాలు అంటించి, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి, అత్తయ్య బీపీ మాత్రలు వారానికి సరిపడా డబ్బీలో పోసి, అప్పుడు జబ్బు పడటానికి వెళ్లేదాన్ని. ఉద్యోగంలో సెలవు పెట్టేముందు పని అప్పగించినట్టే. ఇంత చేసి కూడా వాళ్ల మొహాల వంక చూడలేకపోయేదాన్ని. నాకే నమ్మకం లేదు మరి. నిజంగా వస్తోందా, నేనే తెచ్చుకుంటున్నానా? కడుపు అబద్ధమాడుతుందా?

ఈ ప్రశ్న నేను ఇంతకు ముందు ఒకసారి అడిగాను. వేరే మనిషిని. నా సిగ్గుకి అసలు వేరు అక్కడుంది.

నాలుగేళ్ల కిందట మా షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర ఒకావిడ ఉండేది. అందరం ఇస్త్రీ అక్క అనేవాళ్లం. ఆవిడకీ ఈ జబ్బే. పొద్దున షాపుకొచ్చి రెండు గంటలు పనిచేసి, ఇక్కణ్నుంచే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లేది. వెళ్లే రోజుల్లో తొమ్మిదిన్నర అయ్యేసరికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి బాత్రూంలోకి పరిగెత్తేది. గోడ ఇవతల మాకు అంతా వినపడేది. ఒకరోజు ఆవిడ కళ్లు తుడుచుకుంటూ బయటికి రాగానే నేనన్నాను, "సూది మొహం చూడకుండానే ఇంత నటనైతే, అక్కకి సినిమాల్లో చాన్సు ఖాయం," అని. అందరూ పడీ పడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది, ఎందుకంటే నవ్వుతూనే పైటతో మూతి ఇంకోసారి తుడుచుకుంది. ఆ తరవాత ఒకసారి, ఇద్దరమే ఉన్నప్పుడు, నాతో అంది, "ఆ బస్సు నంబరు చూస్తేనే నాకు తిప్పుతుందే." "అయితే చూడకు," అన్నాను. మూడు విడతలయ్యాక వెళ్లడం మానేసింది. ఎందుకక్కా అంటే, "పడటం లేదే," అంది. ఏడాది తిరక్కుండా పోయింది. మా మాటల వల్లే మానేసిందని చెప్పలేను. కాదని కూడా నేను చెప్పలేను.

నాలుగో విడతయిన పది రోజులకి షాపుకెళ్లాను, పూటపనికి. ఆ రోజు కవర్లు తొడిగే అమ్మాయి రాలేదు. "కూర్చుని చేసే పనే కదా, అది చూడు," అంది మా మేడం. కవర్ల చుట్ట తలపైన వేలాడుతుంటుంది. హ్యాంగరు తగిలించి, కవరు కిందకి లాగి, చివర చింపాలి. ఎవరిదో తెల్లటి ఉన్ని కోటు తగిలించాను. కవరు సగం దాకా లాగాను. సరసరమంది. అంతే. వాంతి కోటు మీదే పడింది. కోటు తాలూకు ఆవిడ కౌంటరు అవతలే నిలబడి ఉంది.

మేడం ఆవిడకి క్షమాపణలు చెప్పి కుర్చీ వేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది, "ఇలాంటి స్థితిలో ఇంటిపట్టున ఉండొచ్చు కదమ్మా. అంటుకునేదేమో అనుకుంటారు కస్టమర్లు." కోటు నేనే మోసుకుపోయి నా బల్ల మీద పరిచాను. చన్నీళ్లు, మెత్తటి బ్రష్, కాస్త వంటసోడా, మళ్లీ చన్నీళ్లు. పావుగంటలో మచ్చ ఆనవాలు లేకుండా పోయింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఇక్కడ కారు లేదు, ఆసుపత్రి లేదు, వచ్చే విడతకి ఇంకా పదకొండు రోజులుంది. అయినా వచ్చింది. నాకు పిచ్చి పడుతోందని రూఢి చేసుకున్నాను. ఆ మాట ఎవరికీ తెలియకూడదని కూడా ఆ బల్ల దగ్గరే అనుకున్నాను.

ఐదో విడతకి ముందురోజు వంటింట్లో డబ్బాల మీద కాగితాలు అంటిస్తున్నాను. కిటికీలోంచి చప్పుడు వినపడింది. ఆయన సీటు మీద కవరు పరుస్తున్నాడు. సింకు దగ్గరికి వెళ్లేంత వ్యవధి కూడా దొరకలేదు. నేల తుడిచి, చెయ్యి కడుక్కుని, ఆసుపత్రికి ఫోను చేశాను. బంధువుల ఇంట్లో పనిబడి వెళ్తున్నాం, రేపు రాలేమని చెప్పాను. బయటికొచ్చి మా ఆయనతో, రక్తం తక్కువగా ఉందట, వాయిదా వేశారని చెప్పాను. "ఒకందుకు మంచిదేలే, రేపు నాకు ఆఫీసులో మీటింగుంది," అని కవరు తీసి, మడతపెట్టి, డిక్కీలో పెట్టాడు. రెండు అబద్ధాలు, అయిదు నిమిషాలు. మర్నాడు పొద్దున బాల్కనీలో కూర్చుని వేడి వేడి టీ తాగాను. ఎన్నాళ్లకో టీ రుచి తెలిసింది. దాన్ని తలచుకుంటేనే ఇప్పటికీ తల ఎత్తలేను.

తరవాతి వారం కూడా రక్తం తక్కువే అన్నాను. ఆయన ఆకుకూరలు తెచ్చాడు. అత్తయ్య దానిమ్మకాయ ఒలిచి గిన్నెలో పెట్టి ఇచ్చింది. నా అబద్ధాన్ని వాళ్లిద్దరూ కూర్చోబెట్టి మేపుతున్నారు. తిన్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం సిస్టర్ ఫోను చేసింది. "ఇంకా ఆలస్యం చెయ్యకూడదమ్మా. ఇంతవరకూ చేసిందంతా వృథా అవుతుంది. మానేద్దామనుకుంటున్నారా? అనుకుంటే అదైనా చెప్పండి."

ఏం చెప్పాలో తెలీక నోటికొచ్చింది అనేశాను. "పడటం లేదండీ."

అన్నాక వినపడింది నాకు. అది నా మాట కాదు. చివర 'అండీ' తప్పిస్తే ఇస్త్రీ అక్క మాటే. ఆ గొంతు కూడా ఆవిడదే, నవ్వినట్టుండి నవ్వు లేనిది. ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. "హలో? ఉన్నారా?" అంటోంది అవతల సిస్టర్. "రేపొస్తాను," అన్నాను. "ఒక్కదాన్నే వస్తాను."

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లాక, షాపుకని చెప్పి బస్సెక్కాను. బస్సు సీటు మీద కవరేమీ లేదు. ఎన్ని వేలమంది కూర్చున్నారో, ఎన్ని మచ్చలున్నాయో, హాయిగా కూర్చున్నాను. గేటు దగ్గర కాస్త తిప్పింది కానీ బయటికి రాలేదు.

సిస్టర్ కాగితం తీసింది. నీరసం? కొద్దిగా. నోటిపూత? లేదు. "వాంతులు?" అంది. అలవాటుగా పక్క కుర్చీ వైపు చూశాను. ఖాళీగా ఉంది. ఆవిడ కలం పట్టుకుని అలాగే ఆగింది.

"ఎక్కువ," అన్నాను.

ఆ ఒక్కటీ వచ్చాక మిగతాదంతా దానంతటదే వచ్చింది. కవరు, సిగ్నలు, వీధి మలుపు, కోటు, రెండు అబద్ధాలు. చెప్తూ ఆవిడ మొహంలో నవ్వు కోసం వెతుకుతూనే ఉన్నాను. రాలేదు. రాసుకుంటూ పోయింది.

"కవరు కొత్త వాసన వేస్తుందా?" అంది చివరికి.

"వేస్తుంది. కొంచెం కమురు వాసన."

"మొదట్లో ఆ కవరు మీద కూర్చుని తిరిగెళ్తున్నప్పుడు వాంతులయ్యాయి కదా. ఒకటి రెండుసార్లు అలా జరిగితే ఒళ్లు నేర్చేసుకుంటుంది. కవరొచ్చిందంటే వాంతొస్తుందని దానికి తెలిసిపోయింది. ఇక మందుతో పని లేకుండా ముందే చేసేస్తుంది. నాటకం కాదు, పిచ్చి కాదు. చాలామందికి వస్తుంది. కొందరికి ఇక్కడి సబ్బు వాసన పడదు. ఒకాయనకి నా చెప్పుల చప్పుడు వింటే వచ్చేది. చెప్పులు మార్చేశాను." కాలు కాస్త ముందుకి చాపి మెత్తటి చెప్పులు చూపించింది. "అసలు మందు తరవాత వచ్చేదాన్ని మొదట్లోనే గట్టిగా ఆపితే ఇది ఇంతదాకా రాదు. మీరు ప్రతిసారీ కొద్దిగా అన్నారు. మేం కొద్దిగాకే మందిచ్చాం."

వాంతులు ఆపే మందు మార్చమని డాక్టరుగారితో చెప్పింది. ఆయన ఇంకో చిన్న మాత్ర కూడా రాశారు, విడతకి ముందురోజు పడుకోబోయే ముందు ఒకటి, పొద్దున ఒకటి, కంగారు తగ్గడానికి. ఒళ్లు వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం సిస్టరే నేర్పింది. కవరుతో సాధన చెయ్యమంది. ఒళ్లు బాగున్నప్పుడు, మొదట దూరంగా పెట్టుకుని, ఊపిరి చూసుకుంటూ, రోజుకి కాస్త దగ్గరగా. కారులో మాత్రం వెయ్యొద్దని కాగితం మీద రాసి గీత గీసింది. ఐదో విడతకి వారం తిరక్కుండా తేదీ వేసింది.

"ఇలా అవుతుందని మీకు ఎవరూ చెప్పలేదా?" అంది కాగితం చేతికిస్తూ.

"చెప్పింది. నేను నవ్వాను."

ఎవరని అడగలేదావిడ. మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. ఆ గ్లాసు బదులు నాకు శిక్ష ఏమైనా వేసి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. మా ఆయన ముందు పట్టుకున్నది అబద్ధాన్నే. "అంటే రక్తం తక్కువన్నది అబద్ధమా? నేను సెలవులు పెట్టి తిప్పుతుంటే నాతో అబద్ధమా?" అన్నాడు. తప్పే, అన్నాను. "అయినా కవరుకి వాంతులేంటి? వినడానికే ఎలా ఉందో చూడు," అని లేచి టీవీ పెట్టుకున్నాడు. అత్తయ్య మాత్రం అలాగే కూర్చుంది. తరవాత నేను గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి, ఎవరితోనో అన్నట్టు అంది, "చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు, ఆ ప్రసూతి ఆసుపత్రి పచ్చగోడ కనపడితే చాలు, రోడ్డు మీదే అయిపోయేది నాకు. ఇప్పటికీ ఆ రంగు చీర కట్టను. ఎవరికి చెప్పుకుంటాం ఇలాంటివి?"

మర్నాటి నుంచి సాధనకి ఆవిడే నాకు జతయింది. నేను బాల్కనీలో కుర్చీలో కూర్చుంటే, హాల్లో అవతలి గోడ దగ్గర నిలబడి కవరు ఊపుతుంది. "ఊపుతున్నానమ్మాయ్, ఊపిరి తీసుకో. తిప్పుతోందా? ఆపనా?" మొదటిరోజు తిప్పింది. రెండోరోజు కాస్త తగ్గింది. నాలుగోరోజు గుమ్మం దాకా వచ్చి ఊపింది. ఇద్దరం ఆడుకుంటున్నట్టుందని మా ఆయన విసుక్కున్నాడు.

ఐదో విడత రోజొచ్చింది. ముందురోజు నేను వంట చెయ్యలేదు, డబ్బాల మీద కాగితాలు అంటించలేదు. సిస్టర్ చెప్పినట్టే మాత్ర వేసుకుని పడుకున్నాను. పొద్దున ఇంకొకటి వేసుకుని, కాస్త మత్తుగా, చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఆయన కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. సీటు మీద కవరు ఉంది. అంచులు లోపలికి దోపి, నిమిరి, ఎక్కడా ముడత లేకుండా.

"ఈ ఒక్కసారికే," అన్నాడు నా మొహం చూసి. "నువ్వు అటు చూడకుండా కూర్చో. మత్తుగా ఉంటుందన్నారుగా, తెలియదు."

కడుపులో మొదలైంది. ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. గుమ్మంలో నిలబడి అత్తయ్య చూస్తోంది. నెమ్మదిగా ఊపిరి తీసి వదిలాను, రెండుసార్లు, మూడుసార్లు. వంగి, కవరు అంచులు బయటికి లాగాను. సరసరమంటూనే ఉంది. ఊపిరి తీస్తూనే ఉన్నాను. మొత్తం ఊడదీసి, ఉండ చుట్టి, ఆయన చేతిలో పెట్టాను. కింద మీగడ రంగు మీద ఆ గోధుమ మచ్చ కనపడింది. దాని మీదే కూర్చున్నాను.

"వాంతొస్తే?" అన్నాడు, ఉండ పట్టుకుని.

"రావచ్చు."

"మరక పడితే?"

"పడితే ఈసారి నన్నడగండి," అన్నాను.

తలుపు నేనే వేసుకున్నాను.